ప్రాజెక్టు నిర్వహణ నైపుణ్యాలు

ప్రాజెక్టు నిర్వహణ నైపుణ్యాలు అనగా ఒక నిర్దిష్ట లక్ష్యాన్ని నిర్ణీత కాలంలో, ఉన్న ధనంతోను, ఉన్న మనుషులతోను సాధించడానికి కావలసిన సామర్థ్యాలు. పనిని భాగాలుగా విభజించడం, కాలాన్ని, ఖర్చును అంచనా వేయడం, పనుల క్రమాన్ని నిర్ణయించడం, రాగల ముప్పులను ముందుగా గుర్తించడం, పనివారి మధ్య సమన్వయం కుదర్చడం, జరిగిన పనిని ప్రణాళికతో సరిపోల్చి చూడడం వీటిలో ముఖ్యమైనవి. ఇంజనీరింగు, సాఫ్ట్‌వేర్, అంతరిక్ష పరిశోధన వంటి రంగాలలో ఇవి వృత్తి విద్యగా ఎదిగినప్పటికీ, విద్యార్థులకు, రైతులకు, గృహస్థులకు, స్వచ్ఛంద సంస్థలకు కూడా ఉపయోగపడతాయి. ఆలస్యాన్ని, లోపాన్ని ఇంకా సరిదిద్దుకొనే అవకాశం ఉండగానే గుర్తించగలగడం ఈ నైపుణ్యాల వలన కలిగే ప్రధాన ప్రయోజనం.

ప్రాజెక్టు అంటే

తెలుగునాట ప్రాజెక్టు అనగానే చాలామందికి ఆనకట్ట, జలాశయం గుర్తుకు వస్తాయి. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి నిర్మాణాల వలన ఈ పదానికి వాడుకలో ఆ అర్థం స్థిరపడింది. నిర్వహణ శాస్త్రంలో ఈ పదానికి విస్తృతమైన అర్థం ఉంది. ఆరంభము, అంతము ఉండి, ఇంతకు ముందు లేని ఒక వస్తువును గాని, సేవను గాని, ఫలితాన్ని గాని ఇచ్చే తాత్కాలిక ప్రయత్నాన్ని ప్రాజెక్టు అంటారు. జలాశయాన్ని నిర్మించడం ప్రాజెక్టు. నిర్మించిన తరువాత ఏటేటా కాలువలకు నీరు వదలడం నిత్య నిర్వహణ. పాఠ్యపుస్తకాన్ని రచించడం ప్రాజెక్టు, దానిని ప్రతి సంవత్సరం బోధించడం ప్రాజెక్టు కాదు.

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అనే సామెతలోని రెండు పనులూ ఈ నిర్వచనానికి చక్కగా సరిపోతాయి. రెండింటికీ ఆరంభము, అంతము ఉన్నాయి. రెండింటిలోనూ అనేక మంది కలిసి పనిచేయాలి. ఖర్చు అంచనా దాటడం రెండింటిలోనూ తరచుగా జరుగుతుంది. పెళ్ళికి ముహూర్తం జరపరాని గడువు. అందువలన పెద్దలు ముహూర్తం నుండి వెనుకకు లెక్కించి కల్యాణ మండపం, శుభలేఖలు, వంటవారు, పురోహితుడు మొదలైనవాటిని ఎప్పుడెప్పుడు కుదుర్చుకోవాలో నిర్ణయిస్తారు. శాస్త్రం పేరు తెలియకపోయినా ఆచరణలో ఇది ప్రాజెక్టు నిర్వహణే.

ప్రతి ప్రాజెక్టుకు పరిధి, కాలం, వ్యయం అనే మూడు పరిమితులు ఉంటాయి. వీటిలో ఒకదానిని మార్చితే మిగిలినవాటిపై ప్రభావం పడుతుంది. గడువు తగ్గించాలంటే ఖర్చు పెంచాలి, లేదా పని పరిధిని కుదించాలి. మూడింటినీ మార్చకుండా వేగాన్ని కోరినప్పుడు సాధారణంగా నాణ్యత దెబ్బతింటుంది.

చరిత్ర

పిరమిడ్లు, దేవాలయాలు, కోటల వంటి భారీ నిర్మాణాలు ప్రాచీన కాలం నుండి ఉన్నాయి. అయితే ప్రణాళికను చూపే పద్ధతులు ప్రత్యేక విద్యగా రూపొందినది పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దంలోనే. పోలండ్‌కు చెందిన ఇంజనీరు కరోల్ అదామియెత్స్కీ 1896లో పనుల క్రమాన్ని చూపే ఒక పట్టికను రూపొందించాడు. అమెరికన్ ఇంజనీరు హెన్రీ గాంట్ (1861-1919) 1910 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన అడ్డుగీతల పట్టిక గాంట్ పట్టిక అనే పేరుతో నేటికీ వాడుకలో ఉంది.

1957లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీకి చెందిన జేమ్స్ కెల్లీ కలిసి కీలక మార్గ పద్ధతిని అభివృద్ధి చేశారు. దాదాపు అదే కాలంలో, 1958లో, అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి నిర్మాణం కొరకు పర్ట్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. కాలం కచ్చితంగా తెలియని పనులను అంచనా వేయడానికి పర్ట్ ఉపకరిస్తుంది.

1969లో అమెరికాలో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ (పీఎంఐ) ఏర్పడింది. ఈ సంస్థ ప్రచురించిన పీఎంబాక్ మార్గదర్శి తొలి కూర్పు 1996లో వెలువడింది. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో సమావేశమైన 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు అజైల్ ప్రకటనను వెలువరించారు. మొత్తం పనికి ముందుగానే సమగ్ర ప్రణాళిక వేయడానికి బదులు, చిన్న చిన్న విడతలలో పని పూర్తిచేసి, వాడుకరుల స్పందనను బట్టి తరువాతి విడతను నిర్ణయించడం అజైల్ విధానంలోని ముఖ్యాంశం.

ముఖ్యమైన నైపుణ్యాలు

• పని విభజన: పెద్ద పనిని అంచనా వేయడానికి, ఒకరికి అప్పగించడానికి వీలైన చిన్న పనులుగా విడగొట్టడం. జాబితాలో చేరని పనికి సాధారణంగా సమయము, ధనము కేటాయింపబడవు. అందువలన మిగతా నైపుణ్యాలన్నింటికీ ఇదే పునాది.

• అంచనా: ఒక పనికి పట్టే కాలాన్ని ఒకే సంఖ్యగా కాక ఒక వ్యాప్తిగా చూడడం. పర్ట్ పద్ధతిలో అన్నీ అనుకూలిస్తే పట్టే కాలం, మామూలుగా పట్టే కాలం, అన్నీ ప్రతికూలిస్తే పట్టే కాలం అనే మూడింటిని తీసుకుంటారు. మామూలు కాలాన్ని నాలుగుతో గుణించి, మిగతా రెండింటిని కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగిస్తారు. ఈ మూడు వరుసగా 4, 6, 14 రోజులైతే అంచనా 7 రోజులు అవుతుంది.

• ముప్పుల గుర్తింపు: ఏది తప్పిపోవచ్చు, తప్పితే ఎంత నష్టం, దానికి ముందుజాగ్రత్త ఏమిటి అనే ప్రశ్నలకు పని మొదలు కాకముందే జవాబులు రాసుకోవడం.

• సమాచార మార్పిడి: ఎవరికి, ఎప్పుడు, ఏ సమాచారం అందాలో నిర్ణయించడం. ఐదుగురు పనిచేసే చోట ఇద్దరిద్దరి మధ్య సంబంధాలు 10 ఉంటాయి. పదిమంది ఉంటే అవి 45 అవుతాయి. మనుషులు రెట్టింపైతే సంబంధాలు నాలుగు రెట్లకు పైగా పెరుగుతాయి.

• మార్పుల నియంత్రణ: మధ్యలో వచ్చే ప్రతి కొత్త కోరికకు అయ్యే అదనపు కాలాన్ని, వ్యయాన్ని లెక్కించి, అంగీకారం తీసుకున్న తరువాతనే దానిని చేపట్టడం.

• పర్యవేక్షణ: ఎంత పని జరగవలసి ఉంది, ఎంత జరిగింది, ఎంత ఖర్చయింది అనే మూడింటిని క్రమం తప్పకుండా సరిపోల్చడం.

కీలక మార్గం - ఒక ఉదాహరణ

ఈ నైపుణ్యాల ప్రయోజనాన్ని ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక గ్రామంలోని పాఠశాలకు గ్రంథాలయపు గది కట్టదలచారని అనుకుందాం. పనులు, వాటికి పట్టే రోజులు ఈ విధంగా ఉన్నాయి.

1. స్థలం చదును చేసి ముగ్గు పోయడం - 2 రోజులు
2. పునాది - 8 రోజులు (1వ పని తరువాత)
3. గోడలు - 12 రోజులు (2వ పని తరువాత)
4. సెంట్రింగు, శ్లాబు, నీళ్ళు పట్టడం - 21 రోజులు (3వ పని తరువాత)
5. వడ్రంగి వద్ద తలుపులు, కిటికీ రెక్కల తయారీ - 20 రోజులు (1వ పని తరువాత)
6. పుస్తకాలు, బీరువాలు తెప్పించడం - 30 రోజులు (ఎప్పుడైనా మొదలు పెట్టవచ్చు)
7. గోడల పూత - 10 రోజులు (4వ పని తరువాత)
8. తలుపులు బిగించడం, రంగులు వేయడం - 5 రోజులు (5, 7 పనుల తరువాత)
9. పుస్తకాలు అమర్చడం - 2 రోజులు (6, 8 పనుల తరువాత)

అన్నింటినీ కూడితే 110 రోజులు వస్తాయి. కాని కొన్ని పనులు ఏకకాలంలో జరుగుతాయి. ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే జరగగల 1, 2, 3, 4, 7, 8, 9 పనుల వరుస అన్నింటి కంటె పొడవైనది. దాని మొత్తం 60 రోజులు. ఈ వరుసనే కీలక మార్గం అంటారు. గది పూర్తి కావడానికి పట్టే కనీస కాలం ఇదే.

ఈ లెక్క వలన మూడు విషయాలు తెలుస్తాయి. మొదటిది, కీలక మార్గంలోని పని ఒక్కరోజు ఆలస్యమైతే గది ప్రారంభం కూడా ఒక్కరోజు ఆలస్యమవుతుంది. రెండవది, మిగతా పనులకు కొంత వెసులుబాటు ఉంటుంది. తలుపుల తయారీ 22వ రోజుకు పూర్తి కాగలదు, కాని వాటి అవసరం 53వ రోజు గడిచిన తరువాతనే వస్తుంది. అనగా వడ్రంగికి 31 రోజుల వెసులుబాటు ఉంది. పుస్తకాలకు 28 రోజుల వెసులుబాటు ఉంది. మూడవది, తొందరపెట్టవలసినది ఎవరినో తెలుస్తుంది. తాపీమేస్త్రి పని ఆగి ఉండగా వడ్రంగికి అదనపు కూలి ఇచ్చి తొందరపెట్టడం వలన ఒక్కరోజు కూడా కలిసిరాదు.

జూన్ 12న పాఠశాల తెరిచేనాటికి గది సిద్ధం కావాలంటే, సెలవు లేకుండా పనిచేసినా, ఏప్రిల్ 13న ముగ్గు పోయాలి. వేసవి సెలవులు వచ్చాక చూద్దాం అని మే మొదటి వారంలో ఆరంభిస్తే పని జూలై దాకా సాగి వానలలో చిక్కుకుంటుంది. ఈ సంగతి జూన్‌లో తెలిస్తే విచారించడం తప్ప చేయగలిగినది ఉండదు. మార్చిలోనే తెలిస్తే సిమెంటు, ఇసుక, ఇటుకలు ముందుగా సమకూర్చుకోవచ్చు, మేస్త్రిని ముందుగా కుదుర్చుకోవచ్చు.

ప్రయోజనాలు

విద్యార్థులకు: వృత్తి విద్యా కోర్సులలో చివరి సంవత్సరపు ప్రాజెక్టు, పోటీ పరీక్షల తయారీ, కళాశాల వార్షికోత్సవం వంటివి సహజంగా ప్రాజెక్టులే. పరీక్ష తేదీ నుండి వెనుకకు లెక్కించి, పాఠ్యాంశాలను భాగాలుగా విడగొట్టి, పునశ్చరణకు కాలం కేటాయించిన విద్యార్థికి తాను వెనుకబడిన సంగతి చివరి వారంలో కాక రెండవ వారంలోనే తెలుస్తుంది. బృందంగా చేసే ప్రాజెక్టులో ఎవరి పని ఏదో రాతపూర్వకంగా ఉండడం వలన భారమంతా ఒకరిద్దరిపై పడకుండా ఉంటుంది.

ఉద్యోగులకు: సాంకేతిక నిపుణుడు తన పని మొత్తం పనిలో ఎక్కడ ఇముడుతుందో గ్రహించగలుగుతాడు. సాధ్యం కాని గడువును విధించినప్పుడు ఊరక కుదరదని చెప్పడానికి, ఫలానా పనులకు ఇన్ని రోజులు పడతాయని లెక్క చూపించడానికి చాలా వ్యత్యాసం ఉంది. రెండవదానిపై చర్చ సాధ్యమవుతుంది. పరిధి తగ్గించాలా, గడువు పెంచాలా అన్నది అప్పుడు అధికారి తెలిసి తీసుకునే నిర్ణయం అవుతుంది.

సంస్థలకు: చిన్న వ్యాపారికి, స్వచ్ఛంద సంస్థకు ధనం ఎప్పుడు ఎంత అవసరమో ముందుగా తెలియడం వలన అధిక వడ్డీకి అప్పు చేయవలసిన అవసరం తగ్గుతుంది. ముగిసిన పనిని సమీక్షించి లోపాలను రాసి ఉంచడం వలన, అనుభవం గల వ్యక్తి వెళ్ళిపోయినా అనుభవం సంస్థలో మిగులుతుంది.

సమాజానికి: ప్రజాధనంతో చేపట్టే పనులలో ఆలస్యానికి మూల్యం చెల్లించేది ప్రజలు. కాలువ ఒక ఏడాది ఆలస్యమైతే ఆయకట్టు రైతు ఒక ఏటి పంట కోల్పోతాడు. భారతదేశంలో 150 కోట్ల రూపాయలు, అంతకు మించిన వ్యయం గల కేంద్ర ప్రాజెక్టుల పురోగతిని కేంద్ర గణాంక, కార్యక్రమాల అమలు మంత్రిత్వ శాఖ పర్యవేక్షిస్తుంది. అంచనా, గడువు, వాస్తవ వ్యయం అనే పదాల అర్థం తెలిసిన పౌరుడు ఇటువంటి నివేదికలను చదివి ప్రశ్నించగలుగుతాడు.

భారతదేశంలో కొన్ని ఉదాహరణలు

నాగార్జునకొండ: నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేసింది. ఈ జలాశయంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న కృష్ణా లోయ మునిగిపోవలసి ఉండగా, భారత పురావస్తు శాఖ 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతంగా త్రవ్వకాలు జరిపింది. బయటపడిన కట్టడాలలో కొన్నింటిని విడదీసి కొండపైన, అనుపు వద్ద తిరిగి నిర్మించారు. కొండపై నెలకొల్పిన మ్యూజియం 1966లో ప్రారంభమైంది. సాధారణ త్రవ్వకాలలో ఈ ఏడు మిగిలినది వచ్చే ఏడు చేయవచ్చు. ఇక్కడ నీరే గడువు. ఏది ముందు, ఏది తరువాత, ఏది తరలించాలి, ఏది వదలాలి అనే నిర్ణయాలను మళ్ళీ మార్చుకొనే అవకాశం లేదు.

పాంబన్ వంతెన: 1964 డిసెంబరులో వచ్చిన తుపానులో రామేశ్వరాన్ని ప్రధాన భూభాగంతో కలిపే రైలు వంతెన చాలా భాగం కొట్టుకుపోయింది. మరమ్మతుకు రైల్వే శాఖ మొదట ఆరు నెలల గడువు అనుకొన్నది. ఆ బాధ్యత తీసుకున్న యువ ఇంజనీరు ఇ. శ్రీధరన్ 46 రోజులలో వంతెనను పునరుద్ధరించాడు. కొత్త గర్డర్ల కొరకు వేచి ఉండక, సముద్రంలో పడిన గర్డర్లను వెలికితీసి వాడడం వలన ఇది సాధ్యమైంది. కీలక మార్గంలోని అతి పొడవైన పనిని తొలగించడమే ఇందులోని కిటుకు.

కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో: 1990లో ఏర్పడిన కొంకణ్ రైల్వే కార్పొరేషన్ పడమటి కనుమల వెంట సుమారు 740 కి.మీ. మార్గాన్ని నిర్మించింది. 1998 జనవరి 26న మార్గమంతటా రైళ్ళు మొదలయ్యాయి. మార్గాన్ని ఏడు విభాగాలుగా చేసి, ఒక్కొక్కదాన్ని ఒక చీఫ్ ఇంజనీరుకు అప్పగించారు. తరువాత శ్రీధరన్ నాయకత్వంలోనే చేపట్టిన ఢిల్లీ మెట్రో తొలి మార్గం 2002 డిసెంబరులో ప్రారంభమైంది. సుమారు 65 కి.మీ. గల మొదటి దశ గడువు కంటె ముందే పూర్తయింది. పని జరిగే చోట గడువుకు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలను ఏర్పాటు చేయడం ఆయన పద్ధతులలో ఒకటి.

హైదరాబాదు మెట్రో: ఈ మార్గాలను విడతలుగా ప్రారంభించారు. 2017 నవంబరులో మియాపూర్-నాగోలు మధ్య 30 కి.మీ. మార్గం మొదలుకాగా, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషను-మహాత్మాగాంధీ బస్‌స్టేషను మార్గంతో మొత్తం 69 కి.మీ. అందుబాటులోకి వచ్చింది. అంతా ముగిసేదాకా ఆగకుండా పూర్తయిన భాగాన్ని ముందుగా వాడుకలోకి తేవడం పని విభజన వలన కలిగే మేలు.

ఎస్ఎల్‌వీ-3: శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10న జరిగిన ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగం రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో లోపం వలన విఫలమైంది. లోపాన్ని విశ్లేషించి సరిదిద్దిన తరువాత 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో ప్రవేశించింది. దీనికి ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. తొలి వైఫల్యానికి పత్రికల ముందు ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ తానే బాధ్యత వహించాడని, విజయం లభించినప్పుడు మాత్రం మాట్లాడే అవకాశం తనకు ఇచ్చాడని కలాం అనేక సందర్భాలలో చెప్పాడు. నింద తమపై పడుతుందనే భయం లేనిచోటనే పనివారు లోపాలను దాచకుండా చెబుతారు. పట్టికలతో సమకూరని నైపుణ్యం ఇది.

వైఫల్యాలు నేర్పిన పాఠాలు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఒపేరా హౌస్ నిర్మాణం 1959లో మొదలైంది. పైకప్పు గుల్లలను ఎలా కట్టాలో తేలకముందే పునాది పని చేపట్టారు. తరువాత పైకప్పు బరువుకు చాలని స్తంభాలను తొలగించి మళ్ళీ కట్టవలసి వచ్చింది. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా 10.2 కోట్ల డాలర్లకు చేరింది. 1963లో పూర్తి కావలసిన భవనం 1973లో ప్రారంభమైంది. వాస్తుశిల్పి యోర్న్ ఉట్జోన్ 1966లోనే వైదొలిగాడు.

1998లో అమెరికా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుని చేరే సమయంలో నాశనమైంది. ఒక బృందం బ్రిటిష్ కొలమానంలో ఇచ్చిన లెక్కలను మరొక బృందం మెట్రిక్ కొలమానంగా భావించడం దీనికి కారణం. రెండు బృందాలలోనూ సమర్థులే ఉన్నారు. లోపం వారి మధ్య జరిగిన సమాచార మార్పిడిలో ఉంది.

పరిమితులు, విమర్శలు

ప్రణాళిక జోస్యం కాదు. తమ పనికి పట్టే కాలాన్ని మనుషులు తక్కువగా అంచనా వేస్తారని, గతంలో అటువంటి పనులు ఆలస్యమైన సంగతి తెలిసి కూడా అలాగే చేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1979లో వివరించారు. దీనిని ప్రణాళికా భ్రాంతి అనవచ్చు. దీనికి విరుగుడుగా, ఊహపై కాక, గతంలో జరిగిన అటువంటి పనులకు నిజంగా పట్టిన కాలంపై అంచనాను ఆధారం చేయాలి.

వెనుకబడిన పనికి మనుషులను చేర్చడం అన్నివేళలా పరిష్కారం కాదు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. కొత్తవారికి పని నేర్పడానికి పాతవారి సమయమే ఖర్చు కావడం ఇందుకు ఒక కారణం.

గడువులో, అంచనాలో పూర్తి కావడం మాత్రమే విజయానికి కొలమానం కాదు. లెక్కల ప్రకారం వైఫల్యమైన సిడ్నీ ఒపేరా హౌస్ 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. మరొకవైపు, అవసరం లేని పనిని సకాలంలో పూర్తి చేసినా దాని వలన ప్రయోజనం ఉండదు. ఏ పని చేపట్టాలి అన్న ప్రశ్నకు ఈ నైపుణ్యాలు పూర్తిగా జవాబు ఇవ్వలేవు. పట్టికలు, నివేదికలు తయారు చేయడమే పనిగా మారి అసలు పని వెనుకబడే ప్రమాదం కూడా ఉంది.

నేర్చుకునే మార్గాలు

ఇంజనీరింగు, వాణిజ్య నిర్వహణ కోర్సులలో ఈ విషయం పాఠ్యాంశంగా ఉంటుంది. నిర్మాణ రంగానికి సంబంధించి 1983లో స్థాపించబడిన నిక్మార్ సంస్థ పుణె, హైదరాబాదు మొదలైన చోట్ల శిక్షణ ఇస్తుంది. ఎన్‌పీటెల్ వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా లభిస్తాయి. పీఎంఐ 1984 నుండి ఇస్తున్న పీఎంపీ ధ్రువపత్రానికి పని అనుభవం అవసరం. అనుభవం లేని వారి కొరకు క్యాప్ఎం అనే పరీక్ష ఉంది. ధ్రువపత్రం ఉద్యోగ ప్రయత్నంలో ఉపకరించవచ్చు గాని, అదే నైపుణ్యం కాదు.

ఖర్చు లేకుండా ఆరంభించాలనుకునే వారికి ఒక నోటు పుస్తకం చాలు. రెండు మూడు వారాలలో ముగిసే ఒక పనిని ఎంచుకొని, దానిని పది పదిహేను చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి పట్టే రోజులను ముందుగా రాసుకోవాలి. పని ముగిసిన తరువాత నిజంగా పట్టిన రోజులను పక్కనే రాయాలి. రెండు సంఖ్యల మధ్య వ్యత్యాసం తన అంచనా ఎంతవరకు నమ్మదగినదో చెబుతుంది. రెండు మూడు పనులకు ఇలా చేసిన తరువాత, తరువాతి అంచనాను ఆ మేరకు సవరించుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

• గాంట్ పట్టిక
• కాల నిర్వహణ
• నాగార్జునసాగర్
• నాగార్జునకొండ
• ఇ. శ్రీధరన్
• ఎ.పి.జె. అబ్దుల్ కలాం
• ఢిల్లీ మెట్రో